ఎవరింటి అమ్మాయివి?

క్విజ్ పోటీ ఉందని మా అమ్మాయి జనరల్ నాలెడ్జి పుస్తకం ముందేసుకుని వల్లె వేస్తోంది. "స్తెఫ్కా కొస్తాదినోవా, బల్గేరియా, హైజంప్, 1987, రోమ్, 2.09 మీటర్లు." ఆ రికార్డు 2024 దాకా, అంటే దాదాపు 37 ఏళ్ళు చెక్కుచెదరలేదు. అంతలో దానికో అనుమానం వచ్చింది. "అమ్మా, చెస్‌లో స్తెఫనోవా, ఇక్కడ కొస్తాదినోవా. ఆ దేశంలో ఆడవాళ్ళ పేర్ల చివర ఈ 'ఓవా' ఏమిటే?"

పులుసు దించి వచ్చి, ఇద్దరం కూర్చుని వెతికాం. కొస్తాదిన్ అనేది మగవాళ్ళ పేరు. దానికి 'ఓవ్' చేరిస్తే 'కొస్తాదిన్‌కు చెందిన' అని అర్థం. మగవాళ్ళయితే కొస్తాదినోవ్, ఆడవాళ్ళయితే కొస్తాదినోవా. ఎప్పటి తాత పేరుకో తగిలించిన ఆ తోక, తరాలు గడిచేసరికి ఇంటిపేరై కూర్చుంది.

"అయితే 'ఎవరి అమ్మాయివి?' అని అడిగితే చెప్పే జవాబన్నమాట!" అంది మా పిల్ల.

నాకు చటుక్కున మా ఉదయగిరి గుర్తొచ్చింది. చిన్నప్పుడు కొండ కింద వీధుల్లో ఏ అవ్వ ఎదురైనా "ఎవరింటి పాపవు మే?" అనే అడిగేది. నా పేరుతో ఎవరికి పని?

మన ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్ల మీద వచ్చినవి చాలా ఉన్నాయి. ఊరిపేరు ఇంటిపేరయ్యేటప్పుడు కొస ఎలా మారుతుందో గమనించారా? వింజమూరు వింజమూరి అవుతుంది, ఆత్మకూరు ఆత్మకూరి అవుతుంది. ఇల్లు ఇంటి, ఊరు ఊరి అయినట్టే. ఆ చివరి గుడి 'ఫలానా ఊరివాళ్ళు' అని చెబుతుంది. బల్గేరియావాళ్ళ 'ఓవా' చేసే పనే మన గుడీ చేస్తోందన్నమాట.

ఒక్కటే తేడా. వాళ్ళ పేరు కొస చూస్తే ఆడో మగో తెలిసిపోతుంది. మన ఇంటిపేరుకి ఆ తేడా లేదు. మా తమ్ముడికీ నాకూ ఒకటే. కానీ వాడిది కడదాకా వాడిదే. నాది మాత్రం తాళి కట్టేదాకానే!

నా డిగ్రీ పట్టాలో పుట్టింటి పేరుంది. పెళ్ళయి ఆత్మకూరు వచ్చాక రేషన్ కార్డు, ఆధార్ అన్నీ మెట్టినింటి పేరుతో వచ్చాయి. ఒకసారి ఉద్యోగానికి దరఖాస్తు పెడితే "ఈ ఇద్దరూ ఒకరేనని రుజువేది?" అన్నారు. నేను నేనేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేశాను. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అంతకన్నా నొప్పించింది మరొకటి. కాలేజీ రోజుల్లో నా కథలు పుట్టింటి పేరుతో అచ్చయ్యాయి. పెళ్ళయ్యాక పేరు మారింది. ఒక సభలో ఓ పెద్దాయన, "ఉదయగిరి నుంచి ఒకమ్మాయి చక్కగా రాసేది. పెళ్ళయి మానేసినట్టుంది, మీకేమైనా తెలుసా?" అని నన్నే అడిగారు. ఆ అమ్మాయిని నేనేనని చెప్పడానికి నోరు పెగల్లేదు.

"గోత్రం మారినాక పేరు మారకుండా ఎట్టా ఉంటదమ్మా?" అంటుంది మా అత్తమ్మ. పూజలో చెప్పుకునే గోత్రం వేరు, పట్టా మీది పేరు వేరు. పెళ్ళయితే ఇంటిపేరు మార్చుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. అలవాటే మనచేత మార్పిస్తోంది. బల్గేరియాలో పెళ్ళప్పుడు ఎవరి పేరు వాళ్ళు ఉంచుకోవచ్చు, ఎదుటివారిది తీసుకోవచ్చు, రెండూ కలుపుకోవచ్చు. అంతదూరం ఎందుకు? మన కోనేరు హంపి 2014లో పెళ్ళయ్యాక కూడా కోనేరు హంపిగానే ఆడింది. 2019లో, మళ్ళీ 2024లో ర్యాపిడ్ చెస్‌లో ప్రపంచ విజేత అయింది.

"ఆ పుట్టింటి పేరు మాత్రం నీదా? మీ నాన్నదేగా!" అనేవాళ్ళున్నారు. నిజమే, అది మా అమ్మ పేరు కూడా కాదు. కానీ ఆ పేరుతోనే బడికెళ్ళాను, పరీక్షలు రాశాను, మొదటి కథ రాశాను. నాన్న ఇచ్చిందే అయినా, వాడి వాడి నాది చేసుకున్నాను.

ఇష్టపడి మార్చుకునేవాళ్ళని నేను తప్పుపట్టను. అడగకుండా మార్చెయ్యడమే తప్పంటాను. పెళ్ళి కుదిరిననాడు లగ్నం మొదలు విస్తట్లో లడ్డూ దాకా అన్నీ మాట్లాడుకుంటాం కదా, "నీ పేరు ఎలా ఉండాలమ్మా?" అని ఆ పిల్లని ఒక్క మాట అడగలేమా?

ఈమధ్య నా కథల కింద రెండు ఇంటిపేర్లూ రాస్తున్నాను. ఆ పెద్దాయన కంటపడితే, ఉదయగిరి అమ్మాయి రాయడం మానలేదని తెలుసుకుంటారు.