బాలింత విస్తరిలో అన్నము తీసివేయవద్దు

పథ్యము అనునది మనిషిని బట్టియు, వయస్సును బట్టియు, అవస్థను బట్టియు ఉండును. ఒకరికి చెప్పిన పథ్యమును ఇంటిలో అందరును పాటించినచో ఔషధమే విషమగును. గురుకులములో మా గురువుగారు మొదటి సంవత్సరముననే నేర్పిన పాఠమిది. నలువది యేండ్లు వైద్యము చేసిన పిమ్మట దానిని నేను మరల నేర్చుకొనవలసి వచ్చినది.

చిరకాలముగా నాకు తెలిసిన ఒక కుటుంబమువారు ఆ మధ్య తమ కోడలిని నా యొద్దకు తీసికొని వచ్చినారు. ఆమె ఒడిలో నాలుగు నెలల పసిబిడ్డ. మూడు రోజులుగా ఆమెకు వాంతులు, వణకు, లేచి నిలువలేనంత నీరసము. నాడి చూచి పిత్తోద్రేకమని తలచితిని. ధనియాల కషాయము చెప్పి పంపబోవుచుండగా, ఆమె ఊపిరి మిగులపండిన పండువలె వాసన వేయుట గమనించితిని. శ్వాస కూడ వేగముగా ఆడుచున్నది.

"ఏమి తినుచున్నావమ్మా?" అని అడిగితిని.

"అన్నము, రొట్టె, పప్పు, పండ్లు అన్నియు మానివేసి మూడు వారములైనది తాతగారూ. గ్రుడ్లు, పనీరు, వెన్న, బాదముపప్పు మాత్రమే తినుచున్నాను. వచ్చే నెలలో మా చెల్లెలి పెండ్లి" అన్నది.

అత్తగారు అందుకొని, "తమరే కదండీ నిరుడు నాకు అన్నము మానమన్నారు! నాకు చక్కెర అదుపులోనికి వచ్చినది. అమ్మాయికి కూడ మంచిదే కదా అనుకొన్నాము" అన్నారు.

ఆవిడ మధుమేహరోగి, అరువదికి దగ్గర పడిన మనిషి. నేను చెప్పినది "తగ్గించండి" అని. అది ఇంటికి చేరునప్పటికి "మానండి" అని మారినది. అత్తగారి పథ్యము కోడలి విస్తరిలోనికి వచ్చినది. ఇది ఎవరికి వర్తించునో, ఎవరికి వర్తింపదో ఆనాడే విడమరచి చెప్పకపోవుట నా లోపము. కషాయము మాట మాని, ఆమెను వెంటనే ఆసుపత్రికి పంపితిని. రక్తములో ఆమ్లము ప్రమాదకరముగా పెరిగినదని పరీక్షలో తేలినది. గ్లూకోజు ఎక్కించిన మీదట రెండు రోజులకు కోలుకొన్నది. ఆ వాసన గమనింపక ఇంటికి పంపియున్నచో ఏమై యుండెడిదో తలచుకొన్నప్పుడెల్ల నాకు నేటికిని గుండె దడదడలాడును.

ఇట్టిది అరుదు. కాని కల్పన కాదు. స్వీడన్ దేశములో పదినెలల బిడ్డకు పాలిచ్చుచున్న ముప్పదిరెండేండ్ల తల్లి, పిండిపదార్థములను దాదాపు పూర్తిగా మాని కొవ్వు అధికముగా తినుచు, ఇట్లే వాంతులతో, వణకుతో ఆసుపత్రి పాలైన ఉదంతమును అక్కడి వైద్యులు 2015లో ప్రకటించినారు. ఆమెకు మధుమేహము లేదు. గ్లూకోజు, ఇన్సులిన్ ఇచ్చిన పిదప కోలుకొన్నది.

దీనికి కారణము తెలిసికొనుట కష్టము కాదు. తల్లిపాలలో నూరు మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల పాలచక్కెర ఉండును. దినమునకు ముప్పావు లీటరు పాలిచ్చు తల్లి ఒంటినుండి ఏబది గ్రాములకు పైగా చక్కెర బిడ్డకు పోవుచున్నదన్న మాట. తల్లి తినినను తినకున్నను శరీరము దానిని సమకూర్చవలసినదే. ఆహారములో పిండిపదార్థము అసలు లేనప్పుడు శరీరము తన కొవ్వును వేగముగా కరగించుకొనును. అప్పుడు పుట్టు ఆమ్లపదార్థములు కొద్దిగా ఉన్నచో శరీరము తట్టుకొనును. బాలింతలో అవి త్వరగా మితిమీరు అవకాశము కలదు. దానికి వాంతులో, జ్వరమో, ఉపవాసమో తోడైనచో ప్రాణాపాయము. ఇక మొదటి వారములో బరువు ఒక్కసారిగా పడిపోవుట చూచి మురియువారు ఒకటి తెలిసికొనవలెను. అందులో అధికభాగము నీరే గాని కొవ్వు కాదు.

మన శాస్త్రము ఏమనుచున్నది? రసధాతువు యొక్క ఉపధాతువు స్తన్యము. తినిన ఆహారమునుండి రసము, రసమునుండి పాలు. సుశ్రుతసంహిత శారీరస్థానములో పాలు తగ్గుటకు క్రోధము, శోకము, బిడ్డపై వాత్సల్యము లేకపోవుట కారణములని చెప్పబడినది. పాలు పెరుగుటకు ముందుగా తల్లి మనస్సును సంతోషపెట్టుమని చెప్పి, ఆ పిమ్మట యవలు, గోధుమలు, శాలిధాన్యము, అరువది దినములలో పండు షష్టికధాన్యము, మాంసరసము, వెల్లుల్లి, శతావరి మున్నగువానిని పేర్కొన్నారు. ధాన్యమును శత్రువుగా కాక పాలకు మూలముగా చూచినారు. అద్దము ముందు నిలిచి కన్నీరు పెట్టుకొను బాలింతకు శతావరి లేహ్యము ఎంత పెట్టినను ఏమి లాభము?

అట్లని మన ఇండ్లలో జరుగునదంతయు శాస్త్రమని నేననను. బాలింతకు నీళ్ళు తక్కువ ఇచ్చుట, నెలల తరబడి కారపుపొడి అన్నము తప్ప కూర పెట్టకపోవుట శాస్త్రము కాదు, అపచారము. గరిటెలతో నెయ్యి గుమ్మరించి, దినమునకు రెండు మినపసున్నులు తినిపించి, మంచము దిగనీయకుండుట కూడ తగదు. చరకుడు స్నేహపానము, పిప్పల్యాదులతో సిద్ధమైన యవాగువు చెప్పినది ప్రసవమైన తొలి దినములకు, అగ్నిబలమును అనుసరించి. దానిని ఏడాది పొడవున సాగించి, ఒళ్ళు పెరిగిన తరువాత ఆ పిల్లనే "లావైపోయినావు" అని దెప్పుట ఏమి న్యాయము? 2018 ప్రాంతములో తెలుగునాట నూనెలు త్రాగి అన్నము మాను పద్ధతి ఇల్లిల్లు తిరిగినప్పుడు ఎందరో బాలింతలు నన్ను దానిని గూర్చి అడిగినారు. వారిలో పెక్కుమందిని ఆ దారికి నెట్టినది రోగభయము కాదు, చుట్టముల మాట.

బాలింత బరువు తగ్గరాదా? తగ్గవచ్చును, నెమ్మదిగా. అమెరికాలో అధిక బరువుగల నలువదిమంది పాలిచ్చు తల్లులపై జరిపిన పరిశోధన 2000లో వెలువడినది. ప్రసవమైన నాలుగు వారములనుండి పది వారములపాటు కొందరు తల్లులు దినమునకు 500 కాలరీలు తగ్గించి, వ్యాయామము చేసినారు. వారమునకు సుమారు అరకిలో తగ్గినారు. బిడ్డల ఎదుగుదలలో లోపము రాలేదు. వారు ఆహారమును మితము చేసిరే గాని ధాన్యమును వెలివేయలేదు. మన భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారము తొలి ఆరు నెలలు పాలిచ్చు తల్లికి దినమునకు 600 కాలరీలు అదనముగా కావలెను. బలహీనముగా ఉన్న తల్లి వీనిలో ఏమియు తగ్గింపరాదు. ఒంటిలో నిలువ ఉన్న తల్లి కొంత తగ్గించుకొనవచ్చును.

నా సలహా ఇది.

1. తొలి ఆరు వారములు బరువు తగ్గు మాట తలపెట్టవద్దు. ఆ తరువాత వారమునకు అరకిలోకు మించి తగ్గవద్దు.

2. మూడు పూటలును ధాన్యము ఉండవలెను. రాశి పోసికొనక, కప్పుతో కొలిచి తినవలెను. ఒక పూట దంపుడుబియ్యపు అన్నము, ఒక పూట జొన్నరొట్టె లేక గోధుమరొట్టె, ఉదయము రాగిజావయో ఇడ్లీయో చాలును.

3. అన్నములో సగము తగ్గించిన చోట పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ, ఆకుకూరలు చేరవలెను. అలవాటున్నవారు గ్రుడ్డు, చేపలు తినవచ్చును. పూటకు ఒక చెంచా నెయ్యి చాలును.

4. మానదగినవి చక్కెర, మైదా, వేపుళ్ళు, బజారు పానీయములు. దాహమైనంత నీరు, పలుచని మజ్జిగ త్రాగవలెను.

5. శరీరము కుదుటపడిన పిదప ప్రతిదినము అరగంట నడక. శస్త్రచికిత్సతో ప్రసవమైనవారు తమ వైద్యుని అనుమతి పొంది మొదలిడవలెను.

6. మధుమేహము, థైరాయిడ్ వ్యాధి ఉన్న తల్లులు పుస్తకము చూచి గాని, పొరుగింటి మాట విని గాని పథ్యము మార్చుకొనరాదు.

ఆహారము మార్చిన తల్లికి వాంతులు, ఆయాసము, కడుపునొప్పి, ఊపిరిలో పండు వాసన, మగత కలిగినచో చిట్కాలతో కాలము గడపక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పాలు త్రాగు బిడ్డ దినమునకు ఆరు పర్యాయములకంటె తక్కువ మూత్రము పోసినను, బరువు పెరగకున్నను పిల్లల వైద్యునికి చూపవలెను.

కడపటి మాట అత్తగార్లకు, తల్లులకు, భర్తలకు. తొమ్మిది నెలలు పెరిగిన దేహము తొమ్మిది నెలలైనను తీసికొనును. ఆ గడువు ఆమెకు ఇవ్వండి. ఆమె విస్తరిలో ఏమి తగ్గించవలెనో చెప్పుటకు ముందు, రాత్రి బిడ్డ ఏడ్చినప్పుడు ఒక్కసారి మీరు లేచి ఎత్తుకొనండి. నిద్ర చాలిన తల్లికి ఆకలి అదుపులో ఉండును, మనస్సు ప్రసన్నముగా ఉండును. పెండ్లి ఫోటోలు ఒక దినపు వేడుక. బిడ్డకు పాలు ఈనాటి ప్రాణము.