ఞకి దొరికిన ఊరు

మన ఓనమాలలో ‘ఞ’ అని ఒక అక్షరమున్నది. పలకమీద దిద్దేటప్పుడు ప్రతి పిల్లవాడూ దానితో కుస్తీ పడతాడు. ‘ఇని’ అంటాడు, చివాట్లు తింటాడు, ఆ తరువాత బ్రతికినన్నాళ్లూ దాని ముఖం చూడడు. ‘జ్ఞానము’లో పాపం అది ఒత్తుగా దాగి ఉన్నా, మనం ‘గ్నానం’ అనేసి దాని నోరు నొక్కేశాం. తెలుగు ఎం.ఏ.లో చేరి, వ్యాకరణాలతోనూ ఛందస్సులతోనూ కాపరం చేస్తూ కూడా నేను దాన్ని నలుగురు తిరిగేచోట ఎన్నడూ కలుసుకోలేదు. చివరకు కలుసుకున్నది స్పానిష్ తరగతిలో!

2004 ప్రాంతంలో హైదరాబాదులో పగలు భారతం, సాయంత్రం స్పానిష్‌గా ఉండేది నా చదువు. “దీనివల్ల ఉద్యోగమేమైనా వస్తుందిరా?” అని మా నాన్నగారు అడిగారు. “తెలియదండీ” అన్నాను. “సరే, తెలుగువల్ల మాత్రం వస్తుందని ఎవరు చెప్పారు!” అని ఆయనే నవ్వి ఫీజుకి డబ్బిచ్చారు.

మొదటిరోజు అయ్యవారు బల్లమీద వాళ్ల దేశం పేరు వ్రాశారు. మనం స్పెయిన్ అంటాం గాని వాళ్లనేది ‘ఎస్పాఞా’. పిల్లవాడు ‘నీఞో’, సంవత్సరం ‘ఆఞో’. తక్కిన విద్యార్థులు నాలుకలు మడతపెట్టుకుంటూంటే నాకు చిన్ననాటి పలక కళ్లకు కట్టింది. లాటిన్‌లో రెండు ‘న’లు పక్కపక్కన వచ్చేచోట వెనకటి వ్రాయసకాండ్రు తోలుకాగితం ఆదా చేసుకోవడానికి ఒక ‘న’ వ్రాసి, దాని నెత్తిన చిన్న గీత గీసేవారట. ఆ గీత ‘న’యే వాళ్ల ఞ. 1990ల తొలినాళ్లలో ఈ అక్షరం లేని కంప్యూటర్ మీటలనైనా అమ్మనివ్వాలని యూరపు పెద్దలంటే, స్పెయినువారు ససేమిరా అని చట్టం చూపించి నిలబెట్టుకున్నారు. ఒక్క అక్షరానికి అంత పట్టుదల! మనవాళ్లు అక్షరమాల కొన్ని అక్షరాలు తగ్గితే పిల్లలకు సుఖమంటున్నారు. పిల్లలకు సుఖమే కావచ్చు. కాని పోయిన అక్షరానికి మాత్రం మళ్లీ ఊరు దొరకదు.

ఆ భాషలో ‘మఞానా’ అని ఒక మాట. దానికి రేపు అనీ అర్థమే, ఉదయం అనీ అర్థమే. “ఒకే మాటకు రెండర్థాలేమిటి, గజిబిజి!” అని ఒక మిత్రుడు విసుక్కున్నాడు. నాకు వెంటనే మన ‘రేపు’ మెదిలింది. పాత తెలుగులో రేపు అంటే తెల్లవారుజామే. రేపకడ అన్నా, రేపాడి అన్నా ప్రొద్దుటిపూటే. రేపుమాపు అంటే ఉదయమూ సాయంత్రమూ. రాత్రి పడుకునేవాడికి రాబోయే తెల్లవారే రేపు గదా! ఇంత సంగతి నా నోట్లో ఇన్నేళ్లూ ఉండి కూడా నాకు అగుపించలేదు. దాన్ని చూపించడానికి మఞానా రావలసివచ్చింది.

ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవారు రెండుచోట్ల తప్పక తడబడతారు. మొదటిది, ఉండడానికి ఆ భాషలో రెండు క్రియలున్నాయి: ‘సేర్’, ‘ఎస్తార్’. ‘ఎస్ లీస్తో’ అంటే వాడు తెలివైనవాడు. ‘ఎస్తా లీస్తో’ అంటే వాడు సిద్ధంగా ఉన్నాడు. మాట ఒక్కటే, క్రియ మారితే అర్థం మారిపోయింది. ఇప్పుడు మన తెలుగు వాక్యాలు చూడండి. ‘తెలివైనవాడు’ అన్నచోట మనకు క్రియే లేదు. ‘సిద్ధంగా ఉన్నాడు’ అన్నచోట ఉన్నది. ఆయన మేష్టరు, ఆయన ఇంట్లో ఉన్నాడు. మనిషి ఏమిటో చెప్పేటప్పుడు మనం క్రియ మింగేస్తాం, ఎక్కడ ఎల్లా ఉన్నాడో చెప్పేటప్పుడు వాడతాం. వాళ్లు రెండు క్రియలతో చేసే పనిని మనం ఒకటి వాడీ, ఒకటి మానీ సాధిస్తున్నామన్నమాట. ఈ సూత్రం అన్నిచోట్లా అతకదు గాని, దారి చూపించడానికి ఇది చాలు.

రెండవది ఇష్టం సంగతి. ఇంగ్లీషువాడు “నేను కాఫీని ఇష్టపడతాను” అంటాడు. స్పానిష్‌వాడు “మె గూస్తా ఎల్ కఫే” అంటాడు, అంటే నాకు కాఫీ ఇష్టం. తల నొప్పిగా ఉంటే “మె దుయేలె లా కబేసా”, నాకు తల నొప్పిగా ఉన్నది. డబ్బు చాలకపోతే అదీ ‘నాకే’. ఇష్టమూ నొప్పీ కొరతా మనం చేసే పనులు కావు, మనకు వచ్చి తగిలేవని ఆ భాషా నమ్ముతుంది, మన భాషా నమ్ముతుంది. కోమట్ల బేరంలాగా కాకుండా చుట్టరికంలాగా సాగింది నా చదువు.

మర్యాదకూ లోటు లేదు. ‘తు’ అంటే నువ్వు, ‘ఉస్తేద్’ అంటే మీరు. ఈ ఉస్తేద్ పూర్వం ‘తమ కృప’ అనే అర్థమిచ్చే రెండు మాటలు అరిగి ఒకటైనది. అందుచేత ఎదుటనున్న మనిషితో మాట్లాడుతూనే క్రియ మాత్రం ఎక్కడో ఉన్నవారికి వాడినట్టు వాడతారు, “అయ్యగారు ఏం సెలవిస్తారు?” అన్నట్టు. దేవుణ్ణి మాత్రం మనలాగే ‘నువ్వు’ అంటారు.

అల్లాగని అంతా పూలబాట కాదు. 1492లో నెబ్రిహా అనే పండితుడు తొలి కాస్తీయ వ్యాకరణం అచ్చువేసి ఇసబెల్లా రాణికి అంకితమిస్తూ, భాష ఎప్పుడూ సామ్రాజ్యానికి తోడుగా నడుస్తుందన్నాడు. కొలంబస్ ఓడ ఎక్కినదీ ఆ సంవత్సరమే. నేడు 20 దేశాలకు స్పానిష్ అధికార భాష అయిందంటే దాని క్రింద నలిగిపోయిన భాషలెన్నో ఉన్నాయి. కొన్ని నిలదొక్కుకున్నాయి కూడా. పరాగ్వే దేశంలో గువరానీ 1992 రాజ్యాంగంతో స్పానిష్ సరసన అధికార భాషగా కూర్చున్నది.

ఆ ఓడలు మాటలనూ గింజలనూ మోశాయి. మన నారింజ పారశీకం మీదుగా అరబ్బులవెంట స్పెయిను చేరి ‘నరాంహ’ అయింది. అమెరికా ఖండంనుంచి మిరపకాయ, బొప్పాయి, వేరుశనగ ఇటు వచ్చాయి. వేరుశనగను మెక్సికోవారు తమ భాషలో ‘నేల కోకో’ అన్నారు. స్పెయినువారు ఆ మాటనే అరగదీసి ‘కకవేతె’ అంటున్నారు. వాళ్లకు తెలిసిన గింజ కోకో, మనకు తెలిసినది శనగ. కొత్త చుట్టానికి ఇంట్లోవాళ్ల పేరు పెట్టుకోవడం అక్కడా ఇక్కడా ఒకటే.

వేరుశనగ అంటే మా అనంతపురం జిల్లా. మా జిల్లాకు స్పెయినుతో మరొక సంబంధం కూడా ఉన్నది. బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, కరువు పల్లెల్లో బడులూ ఇళ్లూ ఆసుపత్రులూ కట్టిస్తూ, 2009లో అక్కడే కన్నుమూశారు. ఆయన పిలుపు విని స్పెయినులో వేలాది కుటుంబాలు మన పల్లెపిల్లల చదువుకు తలా కొంత పంపసాగాయి. డబ్బుతోపాటు ఉత్తరాలూ వచ్చేవి.

వేసవి సెలవుల్లో మా ఊరు వెళ్లినప్పుడు పక్కవీధి అమ్మాయి ఒకతె అల్లాటి ఉత్తరం పట్టుకుని వచ్చింది. తెలుగు తాత్పర్యం ఆ పిల్ల దగ్గర ఉన్నది; కాని “ఆమె సొంత చేత్తో రాసింది చదువు సార్” అన్నది. చదివాను. స్పెయినులో ఒక పెద్దావిడ తన పెరట్లో నిమ్మచెట్టు కాసిందనీ, మోకాలు నొప్పనీ వ్రాసి, చివర ‘ఊన్ బేసో మూయ్ ఫుయెర్తె’ అని సంతకం చేసింది. అంటే చాలా గట్టి ముద్దు. మన ఉత్తరాల్లో పెద్దలు ‘ఆశీస్సులు’ అని ముగిస్తారు గాని ముద్దుల ఊసెత్తరు. ‘దీవెనలతో’ అందామా అని ఒక్క క్షణం తటపటాయించి, ఉన్నది ఉన్నట్టే చెప్పాను. అరుగుమీది అవ్వ చెవిని వేసుకుని, “ఆయమ్మకు మనమరాండ్లు లేరేమోలే, పాపం” అన్నది. ఆనాటినుంచి ఆ ఇంట్లో ఆవిడ పేరు స్పెయిను అవ్వ.

అమ్మాయి జవాబు వ్రాసింది: ‘ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమము, మీరక్కడ క్షేమమని తలుస్తాము.’ దీన్నెల్లా స్పానిష్ చేయడం అనుకుంటూండగా మా అయ్యవారు చూపించిన పాత ఉత్తరాలు గుర్తుకువచ్చాయి. స్పెయిను పల్లెల్లోనూ వెనకటివారు ఉత్తరం ఇల్లాగే మొదలుపెట్టేవారు: ఇది అందేసరికి మీరు కులాసా అని తలుస్తాను, దేవుడి దయవల్ల మేము కులాసా. మక్కీకి మక్కీ దించాను. నా రెండేళ్ల స్పానిష్ చదువుకు ఫలమేమిటని ఎవరైనా అడిగితే ఆ ఒక్క కార్డు చూపిస్తాను.

ఇప్పుడు తల్లిదండ్రులు ఏ భాషకు ఏ దేశం వీసా ఇస్తుందో లెక్కకట్టి పిల్లల్ని చేర్పిస్తున్నారు. లెక్క తప్పని నేననను. కాని తెలుగులో ఒక ఉత్తరం కుదురుగా వ్రాయగలిగిన పిల్లకు పరభాష సగం వచ్చినట్టే. అది రాని పిల్ల ఏ భాషలోకి వెళ్లినా అద్దె ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

1962 నుంచి 1968 దాకా ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్న ఆక్తావియో పాస్ మహాకవి మన హనుమంతుడి మీద మనసుపడి, ‘వ్యాకరణవేత్త అయిన కోతి’ అని అర్థమొచ్చే పేరుతో ఒక పుస్తకం వ్రాశాడు. స్పానిష్‌లో అది 1974లో వెలువడింది. మన పెద్దలు హనుమంతుణ్ణి నవవ్యాకరణ పండితుడన్నారు గదా! అంతటివాడూ నూరామడల సముద్రాన్ని అవలీలగా దాటి, అశోకవనంలో చెట్టుకొమ్మమీద కూర్చుని మాత్రం తెగ ఆలోచించాడు. సంస్కృతంలో మాట్లాడితే సీతమ్మ తనను రావణుడనుకుని బెదురుతుందేమో, ఆ తల్లిని ఏ భాషలో పలకరించాలి, అని!