పడమటి కొండల వైపు

సూళ్లూరుపేట అనగానే శ్రీహరికోట రాకెట్లు, పులికాట్‌ ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. మన చూపంతా తూర్పుకే. పడమటి కొండలు శివరాత్రికి మాత్రం గుర్తొస్తాయి. ఉబ్బలమడుగు సిద్ధులయ్య కోనకు ఆ రోజు ఊళ్లకు ఊళ్లు కదులుతాయి. మిగతా రోజుల్లో ఆ దారుల్లో ఎక్కువగా కనిపించేది చెన్నై కుర్రకారే. 2008లో మొదలైన చెన్నై ట్రెక్కింగ్‌ క్లబ్‌ వాళ్లు నాగలాపురం కొండల్లోనూ ఏళ్లుగా నడుస్తున్నారు. దగ్గరున్న మనమే వెళ్లం.

పిల్లలు చదువులకు వెళ్లిపోయాక ఇద్దరే మిగిలిన దంపతుల కోసం ఈ సంచికలో కొండదారుల గురించి రాశాం. ఇంట్లో మాటలు కరెంటు బిల్లు దగ్గరో, ఫీజుల దగ్గరో ఆగిపోతాయి. వాగు దాటేటప్పుడు మాత్రం ఒకరు చెయ్యి చాచాలి, ఇంకొకరు పట్టుకోవాలి. అలసినవారి అడుగుకు తగ్గట్టే రెండోవారూ నడవాలి. యాభై దాటినవారికి ఇంతకంటే మంచి అలవాటు లేదని నా నమ్మకం.

ఒక్క జాగ్రత్త. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. పైన కొండ మీద వాన పడితే, కింద ఎండ కాస్తున్నా వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. అప్పుడు కూడా నాచు పట్టిన బండలు జారతాయి, మడుగుల లోతు పైకి తెలియదు. అటవీ శాఖ గేటు మూసి ఉంటే వాదించకుండా వెనక్కి తిరగండి. చీకటి పడకముందే కొండ దిగండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ సీసాలను తిరిగి ఇంటికి తెచ్చేయండి.