నొప్పి తగ్గింది, ఎముక ఇంకా అతకలేదు



“నొప్పి లేదు కదా అని కట్టు తీసేశానండి.” మా ఎముకల విభాగంలో ఈ మాట తరచుగా వింటుంటాము. ఇలా చెప్పేవారిలో ఎక్కువమంది కూలి పనితో ఇల్లు గడుపుకునేవారే. నెల రోజులు ఇంట్లో కూర్చుంటే పొయ్యి వెలగదు. వారి ఇబ్బంది మాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు: నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు.

ఎముక విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో అక్కడ మెత్తని కండ ఏర్పడి, విరిగిన రెండు కొసలనూ కలుపుతుంది. నొప్పి తగ్గేది చాలావరకు ఈ సమయంలోనే. కాని అది ఇంకా ఎముక కాదు. చెవి డొప్పలా వంగే పదార్థం. అందులో కాల్షియం చేరి గట్టిపడడానికి మరికొన్ని వారాలు పడుతుంది. ఈలోగా ఆ చోటు అతిగా కదిలితే, పడుతున్న అతుకు మళ్ళీ మళ్ళీ చిరుగుతుంది. నాటిన నారును రోజూ పీకి చూస్తే వేరు పట్టదు కదా! చివరకు ఎముక వంకరగా అతకవచ్చు, లేదా అసలు అతకకనే పోవచ్చు. అప్పుడు ఆపరేషను, మళ్ళీ నెలల తరబడి విశ్రాంతి.

పెద్దవారిలో మణికట్టు ఎముకకు సుమారు 6 వారాలు, మోకాలి కింది పెద్ద ఎముకకు 3, 4 నెలలు, ఒక్కోసారి అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. పిల్లలకు త్వరగా అతుకుతుంది. పొగ తాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి ఆలస్యమవుతుంది.

ఎముకను కదలనీయరాదన్న సంగతి మన పెద్దలకూ తెలుసు. పుత్తూరు కట్టులో వెదురు బద్దలు పెట్టేది అందుకే. 1852లో హాలెండు సైనిక వైద్యుడు మథైసెన్ సిమెంటు కట్టును వాడుకలోకి తెచ్చిందీ అందుకే. అయితే స్థిరంగా ఉంచడమంటే బిగించి కట్టడం కాదు. కట్టు ఎవరు కట్టినా, మేము కట్టినా సరే, మరీ బిగుతైతే రక్తం ఆడదు. కండరాలు కొన్ని గంటల్లోనే చచ్చిపోయి, చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. జర్మనీ వైద్యుడు ఫోల్క్‌మన్ ఈ ప్రమాదాన్ని 1881లోనే వివరించారు. కట్టు వేశాక నొప్పి పెరుగుతున్నా, వేళ్ళు తిమ్మిరెక్కినా, చల్లబడినా, నీలిరంగుకు తిరిగినా తెల్లవారే దాకా ఆగకండి. ఆ రాత్రే రండి.

స్థిరత్వమంటే మంచానికి అంటుకుపోవడం కూడా కాదు. డాక్టరు అనుమతించిన మేరకు కొద్దిగా బరువు మోపితే అతుకు గట్టిపడుతుంది. కట్టు బయట ఉన్న వేళ్ళను రోజూ కదుపుతుండాలి. ఎంత బరువు, ఎప్పటినుండి అన్నది మాత్రం ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాలి, ఇరుగుపొరుగువారు కాదు.

ఇక మా మనసులోని మాట. ఎముక అతకడం రోగి ఒక్కడి బాధ్యత కాదని మేము నమ్ముతున్నాము. మంచి సమరయుడు గాయాలు కట్టి తన దారిన తాను పోలేదు. సత్రానికి తీసుకువెళ్ళాడు, ఖర్చు ఇచ్చాడు, మళ్ళీ వస్తానన్నాడు. మీ సంఘంలో కట్టుతో ఉన్న సహోదరుడుంటే ప్రార్థనతో పాటు ఆ ఇంటికి బియ్యం పంపండి. మళ్ళీ చూపించుకునే రోజున బస్సు ఛార్జీ ఇచ్చి, ఒకరు తోడు రండి. ఇంట్లో పొయ్యి వెలుగుతుంటే ఎవరూ తొందరపడి కట్టు తీసేయరు.