పాట కావలెను, భాష వలదా?

ప్రతివత్సరము ఫిబ్రవరి 28వ తేదీని ఫిన్లాండు దేశము కలేవల దినోత్సవమును జరుపుకొనుచున్నది. ఎలియాస్ లోన్‌రూత్ అను వైద్యుడు పల్లెపల్లెకు దిరిగి, జానపదగేయములను ఏర్చి కూర్చి 1835లో ప్రకటించిన కావ్యమది. 1809లో స్వీడను చేతినుండి రుష్యా చక్రవర్తి చేతికి మారిన జాతికి, తనదను వాఙ్మయ మొకటి కలదని చాటినది ఆ గ్రంథమే. సంతోషింపదగిన మాటయే. అయితే ఆ గేయములలో శ్రేష్ఠభాగ మెవరి నోట వెలువడినది? సరిహద్దు కావల, రుష్యాలోని కరేలియను పల్లీయుల నోట. 1834లో లాత్వయార్వి గ్రామమున ఆర్హిప్ప పెర్తునెన్ అను వృద్ధుడు రెండు మూడు దినములలో నాలుగువేలకు మించిన పాదములు పాడి వినిపించెను.

ఆ వృద్ధుని భాషకు దక్కిన మర్యాద యేమి? అది వేరు భాష కాదు, ఫిన్నిషు మాండలికమేయని ఫిన్లాండు పండితులు చిరకాలము వాదించిరి. తూర్పున 1937లో బుబ్రిహ్ పండితుడు సిరిలిక్ లిపిలో దానికి వ్రాతరూపము నేర్పరచెను. మరుసటి యేడు ఆయన చెఱసాల పాలయ్యెను. 1940లో సోవియట్ ప్రభుత్వము ఆ వ్రాతను త్రోసి ఫిన్నిషును దెచ్చి పెట్టినది. ఒక బిడ్డ బడిచదువు ముగియునంత కాలమైనను ఆ లిపి నిలువలేదు.

న్యాయవాదుల మగుటచే మాకు దస్తావేజుల మీద దృష్టి యెక్కువ. 1957లో నోవ్‌గొరోడు త్రవ్వకములలో 292వ సంఖ్యగల భూర్జపత్రము దొరికినది. అది 13వ శతాబ్దపు తొలినాళ్ళది. ఫిన్నిషు, ఎస్తోనియను మొదలగు సోదరభాషలలో నింతకంటె ప్రాచీనమైన వ్రాత లేదు. అందలి భాష కరేలియనో, దానికి మిక్కిలి చేరువదో యని పలువురు విద్వాంసుల యభిప్రాయము. ఇంత పాతపట్టా గలవారిని కౌలుదారు లనుట యే ధర్మము?

పరిశోధన జరుగకపోలేదు. ఫిన్లాండులో ఆరు సంపుటముల కరేలియను నిఘంటువు 1968 మొదలు 2005 వఱకు వెలువడినది. పెత్రోజావోద్స్కు విద్వాంసులు గ్రామముల దిరిగి మాండలికములను, శోకగీతములను ధ్వనిముద్రణ చేసిరి. ఆ కృషికి నమస్కరించుచున్నాము. కాని నిఘంటువు నిండుచున్న యా కాలముననే ఇండ్లలో తల్లులు బిడ్డలతో రుష్యను భాషనే మాటాడ నలవాటుపడిరి. రుష్యాలో 2010 నాటి జనగణనలో 60 వేలకు పైబడిన కరేలియనులు, తరువాతి గణనకు 32 వేలకు దిగిరి.

కరేలియా పేరున రిపబ్లిక్కే కలదు. అందు కరేలియనునకు రాజభాషాపదవి మాత్రము లేదు. రిపబ్లిక్కుల రాజభాషలు సిరిలిక్ లిపిలోనే యుండవలెనని 2002 నాటి రుష్యా శాసనము. కరేలియనులు నేడు వ్రాయునది లాటిన్ లిపి. అక్షరము మార్చుకొన్నగాని హక్కునకు అర్జీ పెట్టుకొన వీలు లేదన్నమాట! ఇట్టి నిబంధనను మే మెచటను మెచ్చజాలము.

ఫిన్లాండు 2009లో మైనారిటీభాషల యొడంబడిక క్రింద కరేలియనునకు రక్షణ నొసగినది, ఆలస్యమైనను మంచిపనియే. ఆ సంవత్సరమే జినైదా దుబీనినా అను ఉపాధ్యాయిని కలేవలను లీవ్వి కరేలియనులో ప్రకటించెను. ఊరు విడిచిన పాట 174 ఏండ్లకు ఇల్లు చేరినది. ఇక దానిని చదువగల పిల్లలను తయారుచేయుటకు బడులును, గురువులకు జీతములును కావలెను. వానికి సొమ్ము మంజూరు చేయవలసినది ప్రభుత్వములు, నిఘంటుకారులు కారు.