కథకు కయ్యమే ప్రాణమా?

కథారచనను బోధించే పుస్తకాలలో ఒక సూత్రం తరచుగా కనిపిస్తుంది: సంఘర్షణ లేనిదే కథ లేదు. నాయకునికి ఒక కోరిక ఉండాలి, దానికొక అడ్డు రావాలి, పోరు ముదరాలి, చివరకు గెలుపో ఓటమో తేలాలి. ఈ మూసలో పోసిన మంచి కథలు ఎన్నో ఉన్నవి. వాటితో నాకు పేచీ లేదు. మూసలో ఇమడని దానిని కథే కాదనడంతోనే నా పేచీ. ఊహాప్రధానమైన కథలను, అనగా స్పెక్యులేటివ్ ఫిక్షన్‌ను వ్రాసిన నల్లజాతి రచయితల కృతులు మూడింటిని ముందుంచుకొని ఈ మాట విచారింతము.

మొదటిది, నైజీరియా రచయిత ఆమోస్ టుటువోలా నవల ‘ది పామ్‌వైన్ డ్రింకర్డ్’. 1952లో లండనులో అచ్చయింది. యొరుబా జానపద గాథలు దీనికి పుట్టిల్లు. కథ చెప్పేవాడు పొద్దస్తమానం కల్లు త్రాగడం తప్ప వేరు పని ఎరుగడు. అతనికి కల్లు గీసి పోసేవాడు చెట్టు మీదనుండి పడి చనిపోతాడు. వానిని వెదుకుతూ ఇతడు మృతుల పట్టణానికి బయలుదేరుతాడు. దారి పొడుగునా వింత మీద వింత. వాటిని కలిపే దారం నడక ఒక్కటే. తీరా చేరిన తరువాత, చచ్చినవాడు బ్రతికినవారితో కలిసి ఉండజాలడని చెప్పి, గీతగాడు ఒక మహిమగల గుడ్డునిచ్చి పంపివేస్తాడు. వెళ్ళిన పని కాలేదు, అయినా అతడు ఓడిపోయాడని అనలేము. కథ ఆగదు కూడా. ఊరిలో కరవు వస్తుంది, ఆ గుడ్డు జనానికి కడుపు నింపుతుంది. కాశీమజిలీ కథలు చదివిన తెలుగువారికి ఈ నడక పరిచితమే.

రెండవది, అమెరికా రచయిత్రి ఆక్టేవియా బట్లర్ (1947–2006) వ్రాసిన ‘కిండ్రెడ్’. ఇది 1979 నాటి నవల. 1976లో కాలిఫోర్నియాలో ఉన్న డేనా అనే నల్లజాతి యువతి, తన ప్రమేయం లేకుండానే 19వ శతాబ్దపు మేరీలాండ్‌లో బానిసలు పనిచేసే ఎస్టేటుకు పదేపదే లాగబడుతుంది. యజమాని కొడుకు రూఫస్ ఆపదలో పడినప్పుడల్లా ఆమె అతనిని కాపాడాలి. అతడు ఆమె పూర్వీకుడు. అతనికి బిడ్డ పుట్టకపోతే ఆమె వంశమే లేదు. శత్రువును బ్రతికించడమే ఇక్కడ ఆమె బ్రతుకుకు షరతు. చివరకు ఆత్మరక్షణకై అతనిని చంపినా దానిని విజయమనలేము. ఆమె ఎడమచేయి పోయింది; ఎస్టేటులోని బానిసలలో అనేకులు అమ్మకానికి పెట్టబడ్డారు. చేయి పోయిన సంగతి రచయిత్రి మొదటనే చెప్పివేస్తుంది. ఏమవుతుందన్న ఉత్కంఠను వదులుకొని, ఎట్లయిందన్న వేదనను మనకు అప్పగిస్తుంది.

మూడవది, నెడి ఒకొరాఫర్ 2015లో ప్రచురించిన ‘బింటి’. మరుసటి ఏట హ్యూగో పురస్కారం పొందింది. హింబా జాతి బాలిక ఒకతె వేరొక గ్రహంలోని విశ్వవిద్యాలయానికి వెళుతుండగా, మెడ్యూస్ అనే అన్యజీవులు ఆ నౌకలోని విద్యార్థులను చంపివేస్తారు. తమ నాయకుని కొండిని ఆ విశ్వవిద్యాలయం వారు ప్రదర్శనశాలలో పెట్టుకోవడం వారి కోపానికి మూలం. బాలిక ఇరుపక్షాల నడుమ నిలిచి మాట్లాడి ఆ కొండిని తిరిగి ఇప్పిస్తుంది. భారతంలో రాయబారం విఫలమై కథ యుద్ధానికి నడుస్తుంది. ఇక్కడ రాయబారమే ఫలించి కథ ముగుస్తుంది. అయితే నాకొక అసంతృప్తి కలదు. చనిపోయిన ఆ విద్యార్థుల బరువు చివరలో త్వరగా దించివేయబడింది. సంధి కుదిరినంత మాత్రాన శోకం తీరదు కదా.

కనుక, సంఘర్షణను తొలగిస్తే చాలు కథ గొప్పదవుతుందని నేను అనను. దాని స్థానంలో పాఠకుని పట్టి నిలిపే మరొకటి ఉండాలి. టుటువోలాకు అది ఆశ్చర్యం, బట్లర్‌కు మానని గాయం, ఒకొరాఫర్‌కు ఎదుటివాని మాట వినే ఓర్పు. భరతుడు చెప్పిన పంచావస్థలు సైతం ఆరంభంతో మొదలై ఫలాగమంతో ముగుస్తవి. వాటికి ఇరుసు ప్రయత్నమూ ఫలమూ, శత్రువు కాదు.

గెలిచే అవకాశమే చరిత్ర ఇవ్వని జనం ఉన్నారు. వారి కథలను గెలుపు మూసతోనే కొలిస్తే, వారి బ్రతుకులోని సత్యం మనకు రచనాలోపంగా కనిపిస్తుంది. కథల పోటీలలో న్యాయనిర్ణేతలు, తరగతులలో ఉపాధ్యాయులు ‘ఇందులో సంఘర్షణ ఎక్కడ?’ అని అడిగే ముందు ‘దీనిని నిలబెట్టినది ఏది?’ అని అడుగుదురు గాక. ఆ ప్రశ్నకు జవాబు లేని కథను అప్పుడు నిరాకరించవచ్చును.