ఎండిన బోరుకూ లెక్క రాయండి

బోరులో నీళ్లు పడకపోతే మనం చేసే మొదటి పని దాని మాట మరిచిపోవడం. కేసింగు పైపు పీకించి, నోటికి ఓ బండరాయి పెట్టి, బండివాడికి అడుగుల లెక్కన డబ్బు కట్టి పంపేస్తాం. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట వైపు మెట్టలో మామిడికీ మిర్చికీ ఇలా పోగొట్టుకున్న సొమ్ము ఎంతో చెప్పనక్కర్లేదు. చమురు కోసం తవ్వేవాళ్లు మాత్రం ఎండిన బావిని అలా వదలరు. వాళ్ల సంగతి ఒకటి వినండి.

మెక్సికో ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్ 1950లలో యుకటాన్ ప్రాంతంలో లోతైన బావులు తవ్వించింది. చమురు పడలేదు. కిలోమీటరు దాటాక గట్టి రాయి తగిలితే అగ్నిపర్వతపు రాయి అనుకున్నారు. 1978లో అదే సంస్థ కోసం విమానంతో అయస్కాంత సర్వే చేసినప్పుడు గ్లెన్ పెన్‌ఫీల్డ్, ఆంటోనియో కమార్గోలకు నేల అడుగున ఓ పెద్ద గుండ్రటి ఆకారం కనిపించింది. పాత బావుల రాతిముక్కలు కొన్ని మిగిలి ఉన్నాయి గనుక వాటిని పరీక్షించగలిగారు. అది 6.6 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడి చేసిన గొయ్యి అని 1991లో ప్రకటించారు. వెడల్పు సుమారు 180 కిలోమీటర్లు. రాక్షసబల్లుల అంతానికి కారణం ఇదేనని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల మాట.

ఉల్క గొయ్యిలో చమురు దొరకదనీ అనుకోకండి. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని ఏమ్స్ ఊరి పొలాల కింద, దాదాపు మూడు కిలోమీటర్ల లోతున పూడిపోయిన గొయ్యి ఉంది. 1991 నుంచి అక్కడ బావుల్లో చమురు, గ్యాసు తీశారు. ఉల్క దెబ్బకు గ్రానైటు లాంటి రాయి కూడా పగిలి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లోకే చమురు చేరింది.

మన గోదావరి పక్కనా ఇలాంటి సాక్ష్యమే ఉంది. గొయ్యి కాదు, లావా. రాజమండ్రి దగ్గరి క్వారీల నల్లరాయి దక్కను లావాయే, ఆ కాలానిదే. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓఎన్‌జీసీ తవ్విన బావుల రాతి నమూనాలను కూడా చూసే, రాక్షసబల్లుల అంతంలో ఆ లావా పాత్ర ఎంత అని శాస్త్రజ్ఞులు వాదించుకుంటున్నారు. గ్యాసు కోసం తీసిన రాయి ఇలా ఇంకో పనికీ వచ్చింది.

ఇప్పుడు మన బోరు దగ్గరకు రండి. మన మెట్టలో చాలాచోట్ల అడుగున గట్టి రాయే. నీళ్లుండేది రాయిలో కాదు, దాని నెర్రెల్లో. ఏ పొలంలో ఎన్ని అడుగులకు నెర్రె తగిలిందో, ఎక్కడ తగల్లేదో ఊరంతా కలిపి రాసుకుంటే తర్వాతివాడు గుడ్డిగా తవ్వడు. ఆ లెక్కలో ఫెయిలైన బోరు విలువ పడిన బోరుకు తక్కువేం కాదు. బావులకు అనుమతి, నమోదు ఉండాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. దాంతోపాటు రాతి వివరం కూడా గ్రామ సచివాలయంలో రాసిపెట్టాలి, అడిగిన రైతుకు చూపాలి. కొబ్బరికాయ తిప్పేవాడికి ఇచ్చే డబ్బులో నాలుగో వంతు ఖర్చు కూడా కాదు ఈ పనికి.

ఈసారి బండి వచ్చినప్పుడు పది అడుగులకోసారి పైకొచ్చే రాతిపొడిని గుప్పెడు ప్లాస్టిక్ సంచిలో పోసి, లోతు రాసి ముడి వేయండి. రంగు మారిన చోటు, తడి తగిలిన చోటు, సుత్తి జారిన చోటు బండివాణ్ణి అడిగి నోటు చేసుకోండి. బిల్లు మీద సర్వే నంబరు వేయించి, పొడి సంచులతో పాటు ఇంట్లో దాచండి.